ఓర్లాన్ ఎన్నికల్లో నా బరువు

మొదటి నమోదు

పార్టీ ఆఫీసులో కార్యకర్తగా చేరడానికి వెళితే నా ఆశయాలేమిటి, సిద్ధాంతమేమిటి అని అడుగుతారనుకుని ట్రాములో కూర్చుని నాలుగు మంచి ముక్కలు బట్టీ పట్టాను. బల్ల వెనకాల కూర్చున్న పిల్ల తలెత్తకుండా, "మీ బరువెంత?" అంది. మా తుని వైపు ఆడదాన్ని ఎవడైనా ఈ మాట అడిగితే వాడి వీపు విమానం మోత మోగుతుంది. కానీ ఇది పరాయి చోటు. పళ్ళు బిగబట్టి చెప్పాను. "చాలా సంతోషము" అంది ఆ పిల్ల. నిజంగానే సంతోషపడింది కూడా.

ఇక్కడ బరువంటే అంత గౌరవం మరి. ఓర్లాన్ అనే ఈ వలయం అంతరిక్షంలో గిర్రున తిరుగుతూ ఉంటుంది. ఆ తిరుగుడు వల్లే మన కాళ్ళు నేలకి ఆనుతాయి, చారు గిన్నెలో ఉంటుంది. ఒక పక్క బరువెక్కువైతే చక్రం ఒరుగుతుంది. అందుకని ఇక్కడ మనుషులందరికీ జోడీ ఉంటుంది. ఈవలి పక్క ఒకరుంటే, సరిగ్గా ఎదురుగా ఆవలి పక్క అంతే బరువున్న ఇంకొకరు ఉండాలి. అదే జోడీ చట్టం.

నేనూ మా ఆయన గౌరినాయుడూ ఒకే ఓడలో ఇక్కడ దిగాం, నేను నాచు తొట్లు కడిగే పనికి, ఆయన నీళ్ళ గిడ్డంగి పనికి. దిగగానే ఇద్దరినీ తూచారు. ముల్లు ఒకే చోట ఆగింది. తూచిన గుమాస్తా చప్పట్లు కొట్టి, తన ఉద్యోగంలో ఇంత చక్కని జంటని చూడలేదన్నాడు. నేను సిగ్గుపడ్డాను కూడా. ఆ వెంటనే నన్ను ఈవలి పక్కా, ఆయన్ని ఆవలి పక్కా పెట్టారు. నేను ఆయన గదికి వెళ్ళాలంటే ఆ సమయానికి ఆయన నా గదిలో ఉండాలి. వచ్చిన దగ్గర్నుంచీ మా కాపురం ఎదురెదురు ట్రాముల కిటికీల్లోంచి చేతులూపుకోవడంతోనే సరిపోయింది.

ఇప్పుడు ఇల్మా ఓస్త్ అనే ఆవిడ వలయం పెద్ద పదవికి నిలబడింది. గెలిస్తే జోడీ చట్టం తీసేస్తానంటోంది. పరాయి కూలీలం, మాకు ఓటు లేదు. కార్యకర్తగా చేరడానికి మాత్రం అడ్డు లేదట. ఓటు లేకపోతేనేం, ఒళ్ళుంది కదా. జీవితంలో ఏనాడూ జెండా పట్టని ఈ పడాల నూకరత్నం ఈరోజు పార్టీలో చేరింది.

కొత్త కార్యకర్తలు రోజూ ఇలా నమోదు రాసి పంపాలట. వీటిని ఎవరూ చదవరని ఆఫీసు పిల్ల తనే చెప్పింది. అయితే హాయిగా రాసుకుంటాను.

రెండో నమోదు

ఇంటింటి ప్రచారం. ఓర్లాన్ వాళ్ళకి నియమమంటే ప్రాణం. తలుపు కొట్టగానే తీస్తారు. కరపత్రం ఇస్తే అక్కడే నిలబడి చివరిదాకా చదివి, మడత పెట్టి మళ్ళీ మన చేతికే ఇచ్చేస్తారు. కాగితం ఇంట్లో పెట్టుకుంటే ఇంటి బరువు మారుతుందట. సాయంత్రానికి నేను తీసుకెళ్ళిన కరపత్రాలన్నీ నా సంచిలోనే ఉన్నాయి.

చెవిలో పెట్టుకున్న దుబాసీ యంత్రం చవకరకం. అవతలివాళ్ళు ఎంత మామూలుగా మాట్లాడినా అది పాత రేడియో వార్తల్లా గ్రాంథికంలోనే చదువుతుంది. "అమ్మా, మీ ఓటు ఇల్మాకే వెయ్యాలి" అని నేనంటే, "ఆ విషయము ఆలోచింపబడును" అని ఒకావిడ తలుపేసుకుంది.

ఆఫీసుకొచ్చి ఇల్మానే అడిగాను, సభ ఎప్పుడమ్మా అని. ఇల్మా పొడుగ్గా, సన్నగా ఉంటుంది. ఎప్పుడూ ఏదో వస్తువు మరిచిపోయి వచ్చినట్టు వెనక్కి చూస్తుంటుంది.

"ఆవలి పక్కన టోరుక్ సభ జరుగునప్పుడు" అంది.

టోరుక్ హెన్ అంటే మా ప్రత్యర్థి. జోడీ చట్టం పోతే వలయం ఒరిగి అందరం చస్తామని భయపెట్టేవాడు.

"ఆయన సభతో మనకేం పనమ్మా?"

"అచట ఎంత బరువు కూడిన ఇచట అంతే కూడవలెను. అది చట్టము. క్రిందటి పర్యాయము ఆయన సభకు పదకొండుమంది విచ్చేసిరి. కావున మన సభకు వచ్చినవారిలో తక్కినవారిని ఇండ్లకు పంపివేసితిమి."

మా వైపు పంచాయతీ ఎన్నికలకే లారీలు కట్టి జనాన్ని తోలుతారు. మా ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి ఇంతకంటే ఎక్కువమంది వస్తారు. ఆ టోరుక్ సభ మొదలైన దగ్గర్నుంచి చివరిదాకా నీళ్ళ గొట్టాల గురించే మాట్లాడతాడట, ఆయన భార్య కూడా రాదట. ఆయన సభకి జనం రాకపోతే మా సభకి జనం ఉండకూడదు. ఇదెక్కడి న్యాయమో నాకు అర్థం కాలేదు.

మూడో నమోదు

అర్థం కాకపోయినా ఉపాయం తట్టింది. తెర మీద గౌరినాయుణ్ణి పిలిచాను.

"మావా, నువ్వు టోరుక్ సభకి జనాన్ని పోగెయ్యాల."

"ఓలె, నీకేటైనా పిచ్చా? మనల్ని ఇడదీసి కూకోబెట్టిన చట్టం ఆడిదే కాదేటి?"

"ఆడిదే. కానీ ఆడి సభ నిండితే గాని మా సభ నిండదు. మా సభ నిండితే ఇల్మమ్మ గెలుస్తాది. ఆవిడ గెలిస్తే నువ్వు నా కాడికి వొచ్చీవొచ్చు."

ఆయన మీసం దువ్వుకుంటూ ఆలోచించాడు. "అంటే శత్రువుని మనమే పెంచాల."

"కొంచెమే. మనకి సరిపడా."

"నాకు ఉపన్యాసాలు రావే."

"ఉపన్యాసం టోరుక్ చెప్తాడు. జనం లెగిసి ఎలిపోకుండా నువ్వు చూసుకో, చాలు."

నీ కోసం ఏదైనా చేస్తానే అన్నాడు. ఆ మాట విని నాకు గుండె నిండిపోయింది.

నాలుగో నమోదు

గౌరినాయుడు చిన్నప్పుడు మేనమామల దళంలో తప్పెటగుళ్ళు ఆడేవాడు. రేకు తప్పెట ఛాతీకి కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, పాడుతూ, గెంతుతూ ఆడే ఆట అది. ఇక్కడ తప్పెట ఎక్కడ దొరుకుతుంది? గిడ్డంగిలో పాత డబ్బా మూత ఊడదీసి గుండెకి కట్టుకున్నాడు. టోరుక్ "గొట్టము" అన్నప్పుడల్లా ఒక దరువు, "తుప్పు" అంటే గిర్రున ఒక చుట్టు.

ఓర్లాన్ వాళ్ళు పుట్టి బుద్ధెరిగి ఇలాంటిది చూడలేదు. మొదటి సభకి వచ్చినవాళ్ళు రెండో సభకి చుట్టాల్ని తీసుకొచ్చారు. టోరుక్ కూడా హుషారెక్కి గొట్టము అనే మాట మామూలు కంటే ఎక్కువ సార్లు అనడం మొదలుపెట్టాడట. అక్కడ నిండేకొద్దీ ఇక్కడా నిండింది. నిన్న ఇల్మా సభలో నిలబడడానికి చోటు లేదు. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని, "నీ బరువు అమూల్యము" అంది. ఇక్కడ అంతకంటే పెద్ద మెచ్చుకోలు లేదు.

ఐదో నమోదు

మా ఆయన కొంప ముంచాడు.

ఈరోజు తెర మీద చూస్తే మెడలో దండ, భుజం మీంచి అడ్డంగా ఎర్ర పట్టీ.

"ఆ పట్టీ ఏటి మావా?"

"టోరుక్ బాబు ఏసినాడు. నన్ను పెధాన కార్యకర్తని చేసీసినాడు." మొహం చాటంత చేసుకుని చెప్పాడు. "మంచోడేనే, పాపం."

"పెళ్ళాన్ని నీకు అందకుండా అవతల కట్టీసినోడు మంచోడా?"

"ఆ సంగతి కాదు రత్నం. గొట్టాల సంగతి ఆడికి తెలిసినట్టు ఎవులికీ తెల్దు. నిజంగానే పాతబడిపోనాయి. నేను రోజూ చూస్తన్నాను కదా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన తప్పెట వల్ల జనం గొట్టాల గురించి ఇళ్ళల్లో మాట్లాడుకుంటున్నారు. పిల్లలు "తుప్పు, తుప్పు" అని గిర్రున తిరుగుతున్నారు. ఈరోజు సర్వేలో టోరుక్ మొదటిసారి ఇల్మాని దాటేశాడు. శత్రువుని కొంచెం పెంచవయ్యా అంటే విజయనగరం సిరిమానంత ఎత్తుకి పెంచాడు. నీకు నేను కావాలా, ఆ పట్టీ కావాలా అని అడిగాను. ఆయన జవాబు చెప్పేలోపే తెర కట్టేశాను, చెప్పే జవాబు వినడానికి భయమేసి. తర్వాత నాచు తొట్టి దగ్గర కూర్చుని తీరిగ్గా ఏడ్చాను. ఇల్మా ఓడిపోతే ఇంక ఈ జన్మకి మేమిద్దరం ఒక కప్పు కింద ఉండం.

ఆరో నమోదు

ఇది పెద్ద నమోదు.

టోరుక్ దగ్గర తప్పెట ఉంటే మా దగ్గర ఏముంది? తిండి ఉంది. ఆఖరి సభనాడు బంతి భోజనాలు పెడదామన్నాను. బరువు లెక్క ఏమవుతుందని ఇల్మా భయపడింది. ఆఫీసు పిల్ల చట్టమంతా తిరగేసి, సభలకీ ఊరేగింపులకీ లెక్క ఉంది గానీ భోజనాలకి లేదని తేల్చింది. ఇక్కడ ఎవరింట్లో వాళ్ళు గొట్టంలోంచి ముద్ద పిండుకుని తింటారు. పదిమందీ ఒక్కచోట కూర్చుని తినడమనేది చట్టం రాసినవాళ్ళ ఊహకే రాలేదు.

నిమ్మకాయ పులిహోర, నాచు గారెలు, గుమ్మడికాయ దప్పళం, చివర్న మజ్జిగ. పెరుగు ఆవలి పక్క గిడ్డంగి చల్లదనంలోనే పులవకుండా ఉంటుంది కాబట్టి మజ్జిగ క్యాన్లు గౌరినాయుడే ట్రాములో పంపాలి. మాటలు లేకపోయినా మజ్జిగ కోసం మాట్లాడక తప్పలేదు. "పంపుతాను" అన్నాడు, అంతే.

జనం వచ్చారు. వస్తూనే ఉన్నారు. వరుసలు వేసి, ఆకుల్లాంటి అట్టలు పరిచి కూర్చోబెట్టాను. వడ్డించే ముందు పెద్దదానిలా గొంతు సవరించుకుని చెప్పాను: "ఒకటే నియమం. బంతిలో కూర్చున్నాక మజ్జిగ పోసేదాకా మధ్యలో లేవకూడదు. లేస్తే పక్కవాళ్ళని అవమానించినట్టు." నియమం అన్న మాట వినగానే అందరూ వెన్నులు నిటారుగా పెట్టారు. నాకు ముచ్చటేసింది. బుద్ధి తక్కువైతే అలాగే ముచ్చటేస్తుంది.

దప్పళం వాసన గాలి గొట్టాల్లోంచి ఆవలి పక్కకి పోయింది కాబోలు, కాసేపటికి టోరుక్ సభలో ఉన్నవాళ్ళు కూడా, భోజనానికి జోడీ లెక్క లేదు కదా అని, ట్రాములెక్కి వచ్చేశారు. ముందు వరుసలో గారె కొరుకుతున్నావిడ ఎవరా అని అడిగితే టోరుక్ భార్య అన్నారు. నేను మురిసిపోతూ ఆవిడకి ఇంకో గారె వేశాను.

అప్పుడు దప్పళం అట్ట మీద ఒక పక్కకి జరగడం చూశాను. గ్లాసుల్లో నీళ్ళు ఏటవాలుగా నిలబడ్డాయి. గరిటె తనంతట తనే జారిపోతూ నా కాలికి తగిలింది. సైరన్ మోగింది. "వలయము ఒరుగుచున్నది. జనులు తక్షణము ఆవలి పక్కకు తరలవలెను" అని చెవిలో దుబాసీ.

ఒక్కరు కదిలితే ఒట్టు. ముందు వరుసలో ఒక ముసలాయన పులిహోర ముద్ద చేతిలో పట్టుకుని, మొహం పాలిపోయి, "మజ్జిగ ఇంకను రాలేదు" అన్నాడు.

"మీ కాళ్ళకి దణ్ణం పెడతాను, లేవండి."

"నియమము మీరే చెప్పితిరి కదా."

"నా నియమం నేనే రద్దు చేస్తున్నాను బాబూ."

"బంతి మధ్యలో నియమము మార్చు అధికారము మీకు కలదా?"

అందరూ నా వైపు చూశారు. భయపడుతూనే, వాలిపోతున్న నేల మీద చేతులానించుకుని, మర్యాదగా మజ్జిగ కోసం ఎదురు చూస్తున్నారు. నా మూలంగా ఇంతమంది చచ్చిపోతారా అనుకున్నాను. తెర తీశాను.

"మావా, మజ్జిగ పంపు. మజ్జిగ రాకపోతే ఈళ్ళు లెగరు."

"ట్రాములు ఆపీసినారే. ఎంతమంది కూకున్నారక్కడ?"

"సగం వలయం ఇక్కడే ఉంది. అక్కడెవులున్నారు?"

"నేనూ టోరుక్ బాబూ." తర్వాత ఛాతీ మీది తప్పెట విప్పి పక్కన పెట్టడం కనిపించింది. "నువ్వు ఏడవకు. ఉండు."

ఆయన చేసిన పని నేను తెర మీద చూస్తూనే ఉన్నాను. వలయం పొడుగునా పరుచుకున్న గిడ్డంగి తలుపులు బార్లా తీసి, నిండు నీళ్ళ డ్రమ్ములు పడుకోబెట్టి దొర్లించాడు. అన్నీ తెచ్చి సరిగ్గా మాకు ఎదురుగా సభ మైదానంలో వరసగా నిలబెట్టాడు. నేను ఇక్కడ మనుషులకి బంతి వేసినట్టే ఆయన అక్కడ డ్రమ్ములకి బంతి వేశాడు. టోరుక్ వెనకాలే పరిగెడుతూ, "ఇది చట్టసమ్మతము కాదు, తూకము మనుషుల చేతనే ఉండవలెను" అని అరుస్తున్నాడు. నేల ఇంకాస్త వాలేసరికి ఆయన కూడా నోరు మూసుకుని ఒక డ్రమ్ముకి భుజం ఆనించాడు. వార్తల కెమెరా సరిగ్గా అప్పుడే అక్కడికి చేరింది.

గ్లాసుల్లో నీళ్ళు మెల్లగా చదునయ్యాయి. దప్పళం మళ్ళీ అట్ట మధ్యకి వచ్చింది. సైరన్ ఆగింది, ట్రాములు కదిలాయి, వాటితో పాటు మజ్జిగ కూడా వచ్చింది. అందరికీ పోశాను. తాగి, అట్టలు మడిచి, వరస తప్పకుండా లేచి చేతులు కడుక్కున్నారు. అప్పుడు ఇల్మా లేచి ఒకే ఒక్క ముక్క చెప్పింది: "మనుషులు చేయుచున్న పనిని నేడు డ్రమ్ములు చేసినవి. ఇక జంటలను విడదీయుట ఏల?" చప్పట్లు చాలాసేపు ఆగలేదు. గెలిచినట్టే అనుకుంటున్నాను.

ఏడో నమోదు

ఓడిపోయాం.

ఎక్కడ చూసినా ఒకటే పోస్టరు. డ్రమ్ముకి భుజం ఆనించిన టోరుక్, కింద "వలయమును నిలిపిన భుజము" అని. దొర్లించింది మా ఆయన, చెమటోడ్చింది మా ఆయన. భుజం మాత్రం టోరుక్‌దట. ఇలాంటివి మా దేశంలోనే జరుగుతాయనుకునేదాన్ని.

గౌరినాయుడు తెర మీదకి వచ్చాడు. పట్టీ లేదు. "నా వల్లే రత్నం" అన్నాడు.

"నీ వల్లే" అన్నాను. అబద్ధం ఆడలేను కదా. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "నా వల్ల కూడా మావా. కొంచెం పెంచమన్నది నేనే" అన్నాను. ఇద్దరం చెరో పక్కా కూర్చుని తెర వెలిగించే ఉంచాం. తర్వాత ఆయనే ఏదో మాట మార్చడానికి, నిన్న టోరుక్ విజయోత్సవంలో ఏమన్నాడో చెప్పాడు: లేచి వెళ్ళిపోయిన ప్రతి మనిషికీ బదులు ఒక్కొక్క డ్రమ్ము నిలబెట్టి వలయాన్ని కాపాడానన్నాడట.

"మళ్ళీ చెప్పు మావా" అన్నాను.

ఎనిమిదో నమోదు

పొద్దున్నే టోరుక్ ఆఫీసుకి వెళ్ళాను. అది రెండు పక్కలకీ నడుమ ఉంది, అర్జీ పట్టుకొచ్చినవాళ్ళకి అక్కడ జోడీ లెక్క లేదు. గౌరినాయుడు ఒక డ్రమ్ము దొర్లించుకుంటూ వచ్చాడు. టోరుక్ తన ప్రధాన కార్యకర్తని చూసి లేచి నిలబడ్డాడు. దగ్గర్నుంచి చూస్తే నిజంగానే చెడ్డవాడిలా లేడు, నిద్ర లేనివాడిలా ఉన్నాడు.

"అయ్యా, ఈవలి పక్క నీళ్ళతో నింపిన ఈ డ్రమ్ము ఆవలి పక్క మా ఆయనకి బదులు ఉంటుంది. ఆయన నా దగ్గరికి వస్తాడు. సంతకం పెట్టండి" అన్నాను.

"అమ్మా, చట్టములో జోడీ అనగా మనుషులే. డ్రమ్ము మనిషికి సమానము కానేరదు."

"కాదంటే కాదు. బయట కెమెరాలవాళ్ళున్నారు, ఆ మాటే వాళ్ళకీ చెప్పండి. ఆ రోజు డ్రమ్ములు మనుషులకి సాటి రాలేదని, పోస్టరు ఉత్తదేనని చెప్పండి. మేం వెళ్ళిపోతాం."

టోరుక్ గోడ మీద పోస్టరు వైపు చూశాడు. నా వైపు చూశాడు. గౌరినాయుడు నేల చూపులు చూస్తూ, "గొట్టాల పని నేను ఏ పక్కనుంచైనా చేస్తాను బాబూ" అన్నాడు. ఆ మాట దుబాసీలో టోరుక్‌కి ఎలా వినిపించిందో గానీ, ఆయన కుర్చీలో కూలబడి కలం తీశాడు.

అక్కడే తక్కెడ తెప్పించారు. ఒక పక్క మా ఆయన, ఒక పక్క డ్రమ్ము, అచ్చంగా తులాభారమే. డ్రమ్ము తేలిపోయింది. టోరుక్ వాళ్ళు ప్రచారంలో పెట్టిన తిండికి మా ఆయన బరువెక్కాడు. మన వైపైతే ఒక్క తులసి దళం చాలేది, వీళ్ళ తక్కెడకి నికరమైన నీళ్ళు కావాలి. చెంబుతో పోస్తూ పోయాను. ముల్లు మధ్యకి వచ్చి ఆగింది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

బయటికి వచ్చేసరికి వరండా అంతా జనం. అందరి దగ్గరా ఖాళీ డ్రమ్ములు. వార్త అప్పుడే పాకిపోయింది. వరసలో అందరికంటే ముందు ఇల్మా ఓస్త్ నిలబడి ఉంది, ఎన్నికల్లో ఓడిపోయిన మనిషి, తనకంటే లావు డ్రమ్ము పట్టుకుని. ఆవిడ భర్త పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవలి పక్కనే ఉంటున్నాడట. ఒక్క సభలో కూడా ఆ సంగతి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగితే, "స్వంత అవసరమునకై ఓటు అడుగుట మర్యాద కాదు" అంది, వెనక్కి చూడకుండా. గౌరినాయుడు ఆవిడ చేతిలోంచి డ్రమ్ము తీసుకుని లోపలికి దొర్లించాడు.

చివరి నమోదు

ఎన్నికలైపోయాయి కాబట్టి ఇంక రాయనక్కర్లేదని ఆఫీసు పిల్ల చెప్పింది. ఇదొక్కటీ రాసి ఆపేస్తాను.

నా గదిలో మంచం ఒక మనిషి కొలతకి చేసింది. ఆయనకేమో చేతులు చాపుకుని పడుకునే అలవాటు. తెల్లవార్లూ ఆయన మోచెయ్యి నా పక్కటెముకల్లో పొడుస్తూనే ఉంది. కంటి మీద కునుకు లేదు. ఈ పూట నాచు తొట్ల దగ్గర నిలబడే నిద్రపోతానేమో.

జరగమని మాత్రం అనలేదు.